నలభై మూడు అర్జీల్లో లేని మాట

కరెంటు శాఖలో ముప్పై ఆరేళ్లు పనిచేసి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. బోగోలు నుంచి కావలి దాకా నన్ను ఎరిగినవాళ్లు 'అర్జీల ఏసోబు' అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో నాకు తెలుసు. స్టోర్సులో పనిచేసిన ఒక గుమాస్తా. చేతి తొడుగులు చిరిగిపోయాయని నేను మూడోసారి కాగితం పట్టుకెళ్లిన రోజున, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, నలుగురి ముందు నాకా పేరు పెట్టాడు. ఆయనా రిటైరయ్యాడు. బజారులో ఎదురైతే ఇప్పటికీ నేను ముందుగా పలకరించను.

ఈ మధ్య మా పేటనుంచి ముగ్గురు పిల్లలు జూనియర్ లైన్‌మన్లుగా చేరారు. వాళ్ల పెద్దవాళ్లు వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. మంచి మాటలు నాకు రావు, జరిగింది చెప్పగలను. ప్రమోషన్ల సంగతి రాయను. నా ప్రమోషన్ ఎన్నేళ్లు తొక్కిపెట్టారో మొదలుపెడితే ఈ కాగితాలు చాలవు. స్తంభం ఎక్కడం, తీగలు కలిపే జంపర్ కట్టడం మీకు ట్రైనింగులో నేర్పుతారు. నేర్పనిది ఒకటుంది. కళ్లెదుట తోటి మనిషికి షాక్ కొడితే, ఆ మనిషి బతికి బయటపడినా సరే, చూసినవాడికి ఏమవుతుందో ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. అందువల్ల నాలుగేళ్లు పాడు చేసుకున్నాను. ఇప్పుడు బాగున్నాను. బాగున్నాను గనకనే రాయగలుగుతున్నాను.

పేర్లు చదవడం

ఈ పని తెలియనివాళ్ల కోసం ఒక మాట. లైన్ మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషనుకు ఫోన్ చేసి ఎల్.సి. తీసుకోవాలి. లైన్ క్లియర్ అన్నమాట. అక్కడి ఆపరేటరు ఆ లైనుకు సప్లై ఆపి, పుస్తకంలో మన పేరు, టైము రాసుకుంటాడు. పని అయ్యాక మళ్లీ మనమే ఫోన్ చేసి ఎల్.సి. తిరిగి ఇవ్వాలి. ఇచ్చిన మరుక్షణం తీగల్లోకి కరెంటు వచ్చేస్తుంది. ఎవడు తీసుకున్నాడో వాడే ఇవ్వాలి. ఇంకొకడు ఇవ్వడానికి వీల్లేదు.

నా మొదటి లైన్ ఇన్‌స్పెక్టరు మస్తానయ్య. నేను చేరిన కొత్తలో, మొదటిసారి నా పేరున ఎల్.సి. తీసుకున్న రోజున, పని ముగించి, పక్క రైసుమిల్లు ఫోన్ అందుకుని, "అందరూ దిగినారు" అన్నాను. చెంప మీద ఒకటి పడింది.

"అందరూ అంటే ఎవుర్రా? అందరూ అనేవాడు మన గ్యాంగులో ఉండాడా? ఒక్కొక్కడి మొహం చూసి పేరు చదువు."

చదివాను. శీనయ్య దిగినాడు, బాషా దిగినాడు, రమణయ్య దిగినాడు. ఆ రోజునుంచి ఎల్.సి. తిరిగి ఇచ్చేముందు పేర్లు చదవడం మా గ్యాంగుకు అలవాటైంది. ఏ రూల్సు పుస్తకంలోనూ లేదిది. నలుగురిలో కొట్టినందుకు మస్తానయ్యను నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ నాకు పని నేర్పింది ఆయనొక్కడే.

అరవై రెండో స్తంభం

గాలివాన వచ్చి వెళ్లిన మూడో రోజు. సముద్రం వైపు వెళ్లే లైను చాలాచోట్ల తెగింది. ఆ లైన్ చివర ఉన్నవన్నీ రొయ్యల గుంటలు. గుంటల్లో నీటికి గాలి పట్టించే చక్రాలు తిరక్కపోతే రొయ్య నీటిపైకి తేలి చచ్చిపోతుంది. అందుకని అందరికీ ఆత్రంగా ఉంది. మాకూ ఉంది.

సప్లై ఆపించినంత మాత్రాన లైన్ చచ్చిందని నమ్మకూడదు. పనిచేసే చోటుకు రెండు పక్కలా తీగలకు ఎర్త్ రాడ్లు తగిలించాలి. ఎటునుంచి కరెంటు వచ్చినా అది మనిషిలోకి పోకుండా భూమిలోకి పోతుంది. రెండు పక్కలకు రెండు సెట్లు కావాలి. మా దగ్గర ఒకటే ఉండేది. రెండోది కావాలని రెండుసార్లు రాసిచ్చాను. అప్పటి మా ఇంజనీరు, ఏ.ఈ., "ఉన్నదాంతో సర్దుకోవయ్యా, నీకిదే పని అయిపోయింది" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నా మొహం చూడలేదు, ఫోన్ చూసుకుంటున్నాడు.

నాతో ఉన్నది అసిస్టెంట్ లైన్‌మన్ పెంచలయ్య. రాపూరు వైపు మనిషి, ముప్పై దాటలేదు. పొద్దుటినుంచి నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

"అన్నా, ఇన్ని అర్జీలు రాస్తివి గదా. ఈ గాలివాన మీద గూడా ఒకటి పడెయ్ పైకి."

"పైకంటే యాడికిరా?"

"మీ పాస్టరు గారి నడుగు, ఆయనకు అడ్రసు తెలుసుద్ది."

ఉన్న ఒక్క సెట్టూ సబ్‌స్టేషన్ వైపు తగిలించాము. రెండో పక్కన గుంటల ట్రాన్స్‌ఫార్మర్లు తప్ప ఏమీ లేవు. కరెంటు అటునుంచి ఎందుకు వస్తుంది అనుకున్నాను. సాయంత్రం నాలుగూ పదికి పెంచలయ్య అరవై రెండో స్తంభం మీద ఉన్నాడు.

దూరంగా గుంట కట్ట మీద జనరేటరు దుబదుబమని మొదలైంది. నేను తల తిప్పి అటు చూశాను. అంతలో పైన టప్పుమని చప్పుడు, నీలం మెరుపు. గుంట కాపలా మనిషి రొయ్యను కాపాడుకోవాలని, మెయిన్ స్విచ్ తీయకుండానే జనరేటరు వేశాడు. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మరు గుండా వెనక్కి వచ్చి లైను పట్టుకుంది.

పెంచలయ్య బెల్టు మీద వేలాడుతున్నాడు. కింద ఉన్న కూలీల్లో ఒకణ్ణి జనరేటరు ఆపించడానికి పరిగెత్తించి, అది ఆగాక నేనే ఎక్కి, తాడు కట్టి దించాను. ట్రైనింగులో చూపించినట్టు రెండు చేతులతో ఛాతీ నొక్కాను. ఎంతసేపు నొక్కానో తెలియదు. వాడు దగ్గాడు. కావలి తీసుకెళ్తే అక్కణ్ణుంచి నెల్లూరు పంపారు. మనిషి దక్కాడు. కుడిచెయ్యి మోచేతి కిందకి తీసేశారు.

విచారణ జరిగింది. నాకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. రెండో సెట్టు ఇవ్వని ఏ.ఈ. పేరు అందులో ఎక్కడా లేదు.

నాకేమీ కాలేదనుకున్నాను

ఆ నాలుగేళ్లు నేను ఎలా ఉన్నానో వివరంగా రాస్తాను. రేపు మీలో ఎవరికైనా ఇలా ఉంటే గుర్తుపట్టాలి. గుర్తుపట్టలేకపోవడమే నేను చేసిన పెద్ద తప్పు.

ఇంట్లో దోమల బ్యాట్ ఉండేది. దోమ తగిలి టప్మనగానే నేను లేచి నిలబడేవాణ్ణి. చెమటలు కారేవి. ఒకరోజు దాన్ని నేలకేసి కొట్టాను. ఏమైందని మా ఆవిడ సుగుణ అడిగితే నాసిరకం సరుకన్నాను, కొన్న కొట్టువాడితో పోట్లాట పెట్టుకున్నాను.

కాల్చిన ఎండుచేప నాకు ప్రాణం. ప్రమాదం తర్వాత ఆ వాసన వస్తే కంచం నెట్టేసేవాణ్ణి. మాడ్చేశావని సుగుణను తిట్టేవాణ్ణి. ఆమె కాల్చడం మానేసింది.

అరవై రెండో స్తంభం మీదుగా పోకుండా నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. ఎవరైనా అడిగితే రోడ్డు బాగాలేదనేవాణ్ణి. రోడ్డు బాగాలేదని పంచాయతీకి అర్జీ కూడా పెట్టాను. రోడ్డు బాగానే ఉంది.

నిద్ర పట్టేది కాదు. పట్టినా అదే కల. జనరేటరు చప్పుడు ఎక్కడ విన్నా, పెళ్లి పందిట్లో విన్నా, గుండె దడదడలాడేది. వేసిన తాళం మూడుసార్లు లాగి చూసేవాణ్ణి. ప్రతివాడూ నన్ను అవమానించడానికే పుట్టాడనిపించేది. మామూలుగా నాకు కోపం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఇది వేరే. దీన్ని కూడా నేను నా స్వభావం కిందే జమకట్టాను, ఊళ్లోవాళ్లూ అలాగే అనుకున్నారు.

అన్నిటికన్నా సిగ్గుపడేది ఇంకొకటి. పెంచలయ్యను ఆసుపత్రిలో ఒక్కసారి చూశాను. వాడు స్పృహలో లేడు. తర్వాత వాడు ఇంటికి వచ్చాడు, కావలి ఆఫీసులో కూర్చుని చేసే పని ఇచ్చారు. నేను ఒక్కరోజు కూడా వాణ్ణి చూడటానికి వెళ్లలేదు. వాడి తరఫున అర్జీలు మాత్రం పెడుతూనే ఉన్నాను.

ఎల్.సి. ఇవ్వలేకపోయిన రోజు

నాలుగో ఏడు ఎండాకాలంలో ఒక చిన్న పని. ఇన్సులేటరు మార్చాలి. పొద్దున్నే ఎల్.సి. తీసుకున్నాను. పదకొండు గంటలకు పని అయిపోయింది. ముగ్గురు ఎక్కారు, ముగ్గురూ దిగారు. ఫోన్ చేశాను. ఉదయం లైను ఆపిన ఆపరేటరు డ్యూటీ మారిపోయాడు. అవతల ఇంకో గొంతు.

"చెప్పన్నా, ఏసోబన్నా. పేర్లు చదువు, రాసుకుంటా."

పెంచలయ్య గొంతు. ఆ వారమే వాణ్ణి మా సబ్‌స్టేషనుకు ఆపరేటరుగా వేశారట. నాకు తెలియదు.

ఫోన్ పెట్టేశాను. ముగ్గుర్నీ మళ్లీ లెక్కపెట్టాను. పేర్లు చదివాను. మళ్లీ ఫోన్ చేసి, "దిగినారు" అనబోయి, మళ్లీ పెట్టేశాను. స్తంభం మీద ఇంకెవరో ఉన్నట్టే ఉంది. తలెత్తి చూస్తే ఎవరూ లేరు. తల దించితే ఉన్నట్టే ఉంది.

పన్నెండైంది, ఒంటిగంటైంది. గుంటలవాళ్లు జనరేటర్లు వేశారు. ఒకటి కాదు, ఆరేడు. ఆ చప్పుడుకు నేను స్తంభం మొదట్లో కూలబడిపోయాను. గ్యాంగులోవాళ్లు నీళ్లిచ్చారు.

రెండు గంటలకు కొత్త ఏ.ఈ. వచ్చాడు. పాత ఏ.ఈ. బదిలీ అయ్యాక వచ్చినవాడు, చిన్న వయసు.

"ఏందయ్యా ఇది? నీకేమన్నా మతి పోయిందా? లైన్‌మన్‌వి లైనుకు భయపడతావా?" గుంటల రైతులందరూ చుట్టూ ఉన్నారు. "ఇంత భయముంటే ఇంట్లో కూర్చోని టీవీ చూడు. ఇయ్ ఫోను."

ఫోన్ లాక్కుని తనే ఎల్.సి. తిరిగి ఇచ్చేశాడు. ఇది రూలుకు పూర్తిగా విరుద్ధం. తీసుకున్నవాడే ఇవ్వాలి. నేను ఆ రోజే కూర్చుని ఏ.ఈ. పై అధికారి డి.ఈ. గారికి అర్జీ రాశాను. నలభై మూడోది.

డి.ఈ. గారు పెద్దమనిషి. పిలిపించి కూర్చోమన్నారు. నా సర్వీసులో నన్ను కూర్చోమన్న ఆఫీసర్లు ఇద్దరే, ఆయన రెండో ఆయన.

"ఏ.ఈ. చేసింది తప్పే. నేను మాట్లాడతాను. మరి మూడు గంటలు నువ్వెందుకు ఇవ్వలేదు?"

నేను టేబుల్ మీది అర్జీని మళ్లీ ఆయన వైపు జరిపాను.

"నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి పోయి కాగితం తెచ్చుకో ఏసోబూ. అది తెచ్చేదాకా నీకు ఎల్.సి. తీసుకునే అధికారం లేదు."

లైన్‌మన్‌కు ఎల్.సి. తీసుకునే అధికారం లేకపోతే ఇక మిగిలేది చెట్టుకొమ్మలు కొట్టడం, సామాను మోయడం. సర్వీసు ఇంకా ఆరేళ్లుంది. నాకు పిచ్చి అన్నారని రగిలిపోయాను. సరే, పోతాను, పిచ్చి లేదని డాక్టరుచేతే రాయించుకొస్తాను, ఆ కాగితంతో వీళ్లందరి మీదా పైకి రాస్తాను. ఇదీ నా పట్టుదల. వైద్యం కోసం కాదు, సాక్ష్యం కోసం వెళ్లాను.

మా పాస్టరు గారితో చెబితే, ప్రార్థన చాలంటారేమో, పోకుండా తప్పుతుందేమో అనుకున్నాను. ఆయన అదేమీ అనలేదు.

"ప్రార్థన నేను చేస్తా గాని, నువ్వు బస్సెక్కన్నా. మా అమ్మకు షుగరొస్తే మాత్రలు మాన్పించినానా నేను?"

మొత్తం చదివిన మనిషి

డాక్టరమ్మకు నలభై ఏళ్లు ఉంటాయి. బయట వరస చాలా ఉంది. నిద్ర పడుతోందా, కలలు వస్తున్నాయా అని అడిగింది. నేను ఆ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా నా అర్జీల నకళ్ల ఫైలు టేబుల్ మీద పెట్టాను.

"నాకు పిచ్చి లేదని రాసివ్వండి మేడమ్. నా మీద జరిగిన అన్యాయాలన్నీ ఇందులో ఉన్నాయి. చదివితే మీకే తెలుస్తుంది."

"ఓపీ అయ్యాక చదువుతాను. కూర్చోండి బయట."

నాకు ఒళ్లు మండింది. అందరూ ఇదే మాట అంటారు, ఎవరూ చదవరు. ఫైలు తిరిగి తీసుకుందామని ఒంటిగంటన్నరకు లోపలికి తొంగిచూశాను. ఆమె పెరుగన్నం డబ్బా ఒక పక్కన పెట్టుకుని, స్పూను చేతిలో ఆపి, నా అర్జీలు చదువుతోంది. ఒక్కొక్క కాగితం తిప్పి చదువుతోంది. మూడు గంటలదాకా చదివింది. నా అర్జీలు మొదటినుంచి చివరిదాకా చదివిన మొదటి మనిషి ఆమే. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.

లోపలికి పిలిచి అడిగింది. "ఏసోబు గారూ, క్వార్టర్సు పైకప్పు కారుతోందని రాశారు. అందులో పెంచలయ్య ఎందుకున్నాడు?"

"అందులో లేడు మేడమ్."

ఆ కాగితం నా ముందు పెట్టింది. నా దస్తూరీ. 'సాయంత్రము నాలుగు గంటల పది నిమిషములకు, అరవై రెండవ స్తంభము వద్ద, రెండవ ఎర్త్ రాడ్ సెట్టు సరఫరా చేయనందున, పెంచలయ్య స్తంభముపైన ఉండగా ప్రమాదము సంభవించినది.' దాని కింద వాన నీళ్ల సంగతి.

రోడ్డు అర్జీ తీసింది. అదే పేరా. చేతి తొడుగులది, బస్సు మా పేట దగ్గర ఆపడం లేదన్నది, దోమల బ్యాట్ కొట్టువాడి మీద రాసింది. ప్రమాదం తర్వాత రాసిన ప్రతిదాంట్లో అదే పేరా, ఒక్క అక్షరం తేడా లేకుండా. నేను రాశానన్న గుర్తు నాకు లేదు.

"పిచ్చి కాదండీ ఇది. మీకు దెబ్బ తగిలింది. ఆ దెబ్బ మనసుకు తగిలింది కాబట్టి ఎవరికీ కనపడలేదు" అంది ఆమె. "అంత ప్రమాదం చూసినవాళ్లకు మొదట్లో నిద్ర పట్టకపోవడం, ఉలికిపడటం మామూలే. చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. నెల దాటినా తగ్గకుండా, పనికీ ఇంటికీ అడ్డం పడుతుంటే మాత్రం చూపించుకోవాలి."

"నాలుగేళ్లయింది."

"ఇప్పుడైనా తగ్గుతుంది."

మీరు నమ్మరు, ఆ మాటకు నాకు కళ్లనీళ్లు వచ్చాయి. నాలుగేళ్లుగా అందరూ సర్దుకోమన్నారు, మర్చిపొమ్మన్నారు, దేవుడి మీద భారం వెయ్యమన్నారు. తగ్గుతుందని ఒక్కరూ అనలేదు. తగ్గేదని నాకే తెలియదు.

"మరి సర్టిఫికెట్?" అన్నాను.

ఆమె నవ్వింది. "వైద్యం అయ్యాక."

నలభై నాలుగోది

నిద్రకు కొన్ని మాత్రలు రాసింది. వారానికొకసారి పక్క గదిలో సైకాలజిస్టు సుధాకర్ గారితో మాట్లాడమంది. ఆ రోజు జరిగింది మొదటినుంచి చివరిదాకా నోటితో చెప్పాలి. చెప్పిందే మళ్లీ చెప్పాలి. ఇదేం వైద్యం అనుకున్నాను. రెండు వారాలు అర్జీలో ఉన్న పేరానే అప్పజెప్పాను.

మూడో వారం ఆయన నెమ్మదిగా అడిగాడు. "పెంచలయ్య స్తంభముపైన ఉండగా అంటున్నారు. ఎలా ఎక్కాడు?"

"నిచ్చెన వేసుకుని."

"అది కాదండీ. ఎక్కమని ఎవరన్నారు?"

లేచి వచ్చేశాను. నన్ను దోషిని చేస్తున్నాడని ఆసుపత్రి సూపరింటెండెంటు ఆఫీసు ముందు బల్ల మీద కూర్చుని, తెల్లకాగితం తీసి అర్జీ మొదలుపెట్టాను. 'గౌరవనీయులైన సూపరింటెండెంటు గారికి' అని రాశాను. తర్వాతి వాక్యం చేయి తనంతట తనే రాసుకుపోతోంది. 'సాయంత్రము నాలుగు గంటల పది నిమిషములకు' దాకా రాసి, కలం ఆపి, చదువుకున్నాను.

సుధాకర్ గారు ఉదయం పదిన్నరకు నన్ను ప్రశ్న అడిగారు. సాయంత్రం నాలుగూ పది ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ కాగితం చింపి జేబులో పెట్టుకుని వెనక్కి వెళ్లాను. ఆయన కుర్చీ కూడా జరపలేదు, నేను వస్తానని తెలిసినట్టే కూర్చున్నాడు. అప్పుడు చెప్పాను. పైన మీకు ఈ సంగతి రాసినప్పుడు కూడా నేను దాటేశాను, చూశారో లేదో. ఇప్పుడు రాస్తున్నాను.

పెంచలయ్య నిచ్చెన మీద ఒక కాలు పెట్టి ఆగాడు. "అన్నా, అటుపక్క రాడ్లు లేవు గదా. ఎక్కమంటావా?" అని అడిగాడు.

"ఎక్కరా. లైన్ చచ్చింది" అన్నాను.

నలభై మూడు అర్జీల్లో ఏ.ఈ. ఉన్నాడు, స్టోర్సు ఉంది, గుంట కాపలా మనిషి ఉన్నాడు. ఈ మాట లేదు. ఏ.ఈ. తప్పు నిజమే, ఇప్పటికీ అంటాను. రెండో సెట్టు ఇచ్చి ఉంటే ఆ చెయ్యి ఉండేది. కానీ నా తప్పు చెప్పుకోలేక ఆయన తప్పును నాలుగేళ్లు నెత్తిన మోశాను. సుధాకర్ గారు నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. "మళ్లీ ఒకసారి మొదటినుంచి చెప్పండి" అన్నారు. చెప్పాను. ఆరోసారికి మధ్యలో ఆగకుండా చెప్పగలిగాను. పదోసారికి అది జరిగిపోయిన సంగతిలాగా వినపడింది.

తర్వాత భయపడేవాటికి పట్టీ రాయించారు. చిన్నదానినుంచి మొదలు. దోమల బ్యాట్ కొత్తది కొన్నాను. చర్చి ఆవరణలో జనరేటరు పక్కన కూర్చున్నాను, మొదటిరోజు ఐదు నిమిషాలు, తర్వాత అరగంట. అరవై రెండో స్తంభం దగ్గరికి సుగుణ తోడు వచ్చింది. ఆమె దాన్ని కిందనుంచి పైదాకా చూసి, "ఏమయ్యా, దీనికా నాలుగేళ్లు నన్ను తిడితివి?" అంది. నేను నవ్వాను. ఎన్నాళ్లకో. అన్నీ ఒక్కరోజులో కాలేదు. రెండుసార్లు మధ్యలో మానేశాను. సుగుణ బస్సెక్కించింది.

పట్టీలో ఆఖరిది ఒక మనిషి పేరు.

నా మీద ఫిర్యాదు

సబ్‌స్టేషనుకు మధ్యాహ్నం వెళ్లాను. పెంచలయ్య ఎడమచేత్తో పుస్తకం రాసుకుంటున్నాడు. అక్షరాలు నావాటికన్నా గుండ్రంగా ఉన్నాయి. నన్ను చూసి లేవలేదు.

"రాన్నా. దారి తెలిసిందా?"

నిలబడే చెప్పేశాను. "ఆరోజు నువ్వు అడిగినావు పెంచలా. నేనే ఎక్కమన్నా."

"నాకు తెలీదా? నేను లేనా ఆడ?" కలం పక్కన పెట్టాడు. "ఎక్కమంటే ఎక్కినా. దిగలేకపోతే నువ్వే ఎక్కి దించినావు. ఛాతీ మీద నువ్వు నొక్కినదానికి రెండు పక్కటెముకలు ఇరిగినాయని డాక్టరు చెప్పినాడు. అది గాదన్నా నా బాధ."

"మరేంది?"

"నాలుగేళ్లన్నా. ఒక్కపూట రాలా నువ్వు. మా ఆడది అడిగేది, మీ ఏసోబన్న ఏడని. ఏం చెప్పేది? ఈ మొండిచెయ్యి చూస్తే నీకు అసయ్యమేమో అనుకున్నా. నా కోసం అర్జీలు పెట్టినావంట. అర్జీ ఎవుడికి కావాలన్నా? నేను నీ మీద పెట్టుండాల్సింది, మనిషి కనపళ్లేదని."

జీవితమంతా ఇతరుల మీద ఫిర్యాదు చేసినవాణ్ణి. నా మీద వచ్చిన వాటిలో పూర్తిగా న్యాయమైనది అదొక్కటే. కాదనడానికి ఒక్క ముక్క కూడా దొరకలేదు. నేనూ నిద్రపోవడం లేదనీ, ఆసుపత్రికి పోతున్నాననీ చెప్పాను.

"చెయ్యి పొయ్యింది నాకు. నిద్ర పొయ్యింది నీకా?" అని తల కొట్టుకున్నాడు. "కూర్చో. టీ పోస్తా. ఒంటిచేత్తో పోస్తే ఒలుకుద్ది, దానికి గూడా అర్జీ పెట్టమాక."

మీరు చేయవలసింది

ప్రమాదం చూశాక మీ గ్యాంగులో ఎవడైనా ఊరికే ఉలికిపడుతుంటే, చేసిన పనే మళ్లీ మళ్లీ చూసుకుంటుంటే, ఒక దారి తప్పించి తిరుగుతుంటే, తిండి మీదా పెళ్లాం మీదా వంకలు పెడుతుంటే, వాణ్ణి పిరికివాడనకండి. పెద్దాసుపత్రిలో దీనికి వైద్యం ఉంది. తోడు వెళ్లండి. చెయ్యి విరిగితే కట్టు కట్టించుకోవడానికి సిగ్గుపడం కదా. నన్ను రైతుల ముందు మతి పోయిందన్న ఆ ఏ.ఈ. ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు. ఆయనకు ఈ విషయం ఎవరూ నేర్పలేదని ఇప్పుడు అర్థమైంది. అయినా ఆ మాట నేను మర్చిపోలేదు.

ఎనిమిది నెలలకు డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. దాంతో పైకి రాద్దామనుకున్న అర్జీ రాయలేదు. కాగితాన్ని డి.ఈ. గారి టేబుల్ మీద పెట్టి నా అధికారం నేను తెచ్చుకున్నాను.

మొదటి పని అదే లైను మీద, అరవై నాలుగో స్తంభం. ఇప్పుడు రెండు సెట్లున్నాయి. రెండు పక్కలా నేనే తగిలించాను. పదకొండున్నరకు పని అయింది. ఫోన్ చేశాను.

"చెప్పన్నా" అన్నాడు పెంచలయ్య.

ఎదురుగా ఉన్న మొహాలు చూస్తూ చదివాను. "వెంకటేశ్వర్లు దిగినాడు. ఖాజా దిగినాడు. సుబ్రమణ్యం దిగినాడు."

అవతల కలం చప్పుడు వినిపించింది. తర్వాత ఆగింది.

"నీ పేరో?"

ముప్పై ఏళ్లలో నా పేరు నేను ఎప్పుడూ చదవలేదు. ఎవరూ అడగలేదు.

"ఏసోబు దిగినాడు" అన్నాను.

"రాసుకున్నా. వేస్తుండా లైను."

పదకొండూ నలభైకి సప్లై వచ్చింది. దూరంగా గుంటల్లో చక్రాలు నీళ్లు చిమ్మడం మొదలైంది. ఇంటికి వెళ్లేసరికి సుగుణ ఎండుచేప కాలుస్తోంది. వాసన వీధిదాకా వచ్చింది. రెండు ముక్కలు తిని, ఉప్పు ఎక్కువైందన్నాను. ఆమె ఇంకో ముక్క వేసింది.